ఎలక్ట్రీషియన్ సీటు అడిగిన ఆడపిల్లకు మనం చెప్పే మొదటి మాట: వరంగల్ ప్రాజెక్టు డైరీ

ఆడపిల్లలను ఐటీఐ ట్రేడ్‌లలోకి తేవడానికి టీచర్లకు, ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణ ఇచ్చిన మా ప్రాజెక్టు డైరీ ఇది. ఇది ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి. 2023లో మా ఐటీఐలో అడ్మిషన్లు జరుగుతున్నప్పుడు మూడు రోజులు కౌంటర్ పక్కన కూర్చున్నాను. నాకు అప్పగించిన పని సర్టిఫికెట్లు సరిచూడటం. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ట్రేడ్ ఎంచుకోవడానికి వచ్చిన ప్రతి ఆడపిల్లతో మావాళ్లు అన్న మొదటి మాట అందులో రాసుకుంటూ పోయాను. మూడు రోజుల్లో 31 మాటలు అయ్యాయి.

"కోపా తీస్కో బిడ్డా, ఫ్యాన్ కింద కూసోని చేసే పని." (కోపా అంటే కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్.) "ఫిట్టరా? రోజంతా ఆకురాయి పట్టాలె, చేతులు పోతయ్." "సీటయితే ఉన్నది గని, క్లాసుల ఒక్కదానివే అయితవ్." "మీ నాయన ఒప్పుకున్నడా?"

ఒక్క మాటా కోపంతో అన్నది కాదు. సొంత బిడ్డకు చెప్పినట్టే చెప్పారు. అందుకే అది తప్పని ఎవరికీ తోచలేదు. అదే మూడు రోజుల్లో వచ్చిన మగపిల్లల్లో ఒక్కరిని కూడా "మీ నాయన ఒప్పుకున్నడా" అని అడగలేదు. ఆ 31 మందిలో ఇద్దరు తమంతట తామే ఎలక్ట్రీషియన్ కావాలన్నారు. చివరికి ఒకరు కోపాలో, ఇంకొకరు కుట్టు ట్రేడ్‌లో చేరి వెళ్లారు. కంప్యూటర్ ఆపరేటర్ పని చిన్నదని నేను అనను. కానీ వాళ్లు అడిగింది అది కాదు.

నేను ఎలక్ట్రీషియన్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. మాది పర్వతగిరి దగ్గర పల్లె. మా బ్యాచ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నేను ఆ ట్రేడ్‌లోకి రావడానికి కారణం మా ఫిజిక్స్ సార్. మా ఇంటికి ఒకసారి వచ్చి అడిగారు, మా బాపు తల అడ్డంగా ఊపాడు. వారం తర్వాత మళ్లీ వచ్చారు. ఆ రెండో రాక లేకపోతే నేను ఈ పని చేస్తుండేదాన్ని కాదు. అమ్మాయిలకు కౌన్సెలింగ్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మేం నలుగురం కలిసి, అమ్మాయిలకు ఎదురుపడే టీచర్లకు, ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణ ఇవ్వాలనుకున్నాం. మొదటి విడతలో 24 మంది: ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్లు, హైస్కూల్ లెక్కల టీచర్లు, సైన్స్ టీచర్లు, కస్తూర్బా విద్యాలయాల టీచర్లు.

2024 జనవరి 27, శనివారం

మొదటి రోజు శిక్షణ. పొద్దున సెషన్ సాగలేదు. తప్పు నాదే. స్లైడ్ల మీద స్లైడ్లు వేశాను. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్‌లో కొత్తగా చేరేవాళ్లలో ఆడపిల్లలు 1995లో 7 శాతం ఉంటే, 2000 నాటికి 42 శాతానికి వచ్చారు. అక్కడ పాఠాలను తేలిక చేయలేదు. ముందే ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలన్న చూపును అడ్మిషన్లలో మానుకున్నారు. అంతకంటే నాకు ముఖ్యమైన సంగతి, వేసవి సెలవుల్లో హైస్కూల్ కంప్యూటర్ టీచర్లను పిలిచి, ఆడపిల్లలను క్లాసులోకి ఎలా తేవాలో, ఎలా నిలుపుకోవాలో శిక్షణ ఇచ్చారు. మనం చేయబోయేది అదే అని చెప్పాను.

అందరూ తలూపారు. ఒక సార్ మాత్రం, "అది అమెరికా ముచ్చట మేడం, మన దగ్గర తల్లిదండ్రులే పంపరు" అన్నారు. ఆ మాటతో గది అంతా తేలికపడ్డట్టు అయింది. తప్పు మనది కాదని తేలిపోయింది కదా!

అన్నాలు తిన్నాక స్లైడ్లు పక్కన పెట్టి నోట్‌బుక్ తీశాను. ఎవరు అన్నారో చెప్పకుండా 31 మాటలూ వరుసగా చదివాను. పదో మాట దాకా నవ్వులు వినిపించాయి. ఇరవై దాటాక ఎవరూ కదల్లేదు. చదవడం అయ్యాక మా సీనియర్ ఫిట్టర్ సార్ లేచారు. 28 ఏళ్ల సర్వీసు ఆయనది. "చేతులు పోతయ్ అన్నది నేనే. ఆ పిల్ల కష్టపడతదనే అన్న. ఆ పిల్ల ఏం చేరిందో గూడ మళ్ల అడుగలె" అన్నారు.

ఇవాళ జరిగిన శిక్షణ అంటే నాకు ఈ పది నిమిషాలే.

ఫిబ్రవరి 10, రెండో శనివారం

ఈసారి ఉపన్యాసం లేదు. మగ ఇన్‌స్ట్రక్టర్లు ఏడుగురినీ కుట్టు ట్రేడ్ ల్యాబ్‌కు పంపాం. ఒక్కో సార్‌ను ఆడపిల్లల గుంపులో ఒక్కరిగా కూర్చోబెట్టాం. పని చిన్నదే: దిండు గలీబు కుట్టాలి. మూడు గంటల సమయం.

వెల్డింగ్ సార్‌కు చేయి చాలా నిలకడ. 3.15 మిల్లీమీటర్ల రాడ్‌తో ఆయన వేసే బీడ్ (వెల్డింగ్ అతుకు) గీత గీసినట్టు ఉంటుంది. ఆయనకు సూదిలో దారం ఎక్కించడానికే పది నిమిషాలు పట్టింది. కాలితో తొక్కితే మిషన్ వెనక్కి తిరిగి దారం తెగింది. మళ్లీ ఎక్కించారు, మళ్లీ తెగింది. పక్కనున్న అమ్మాయి జాలిపడి, "సార్, మీరు ఉండుండ్రి, నేను కుట్టిస్త" అని ఆయన చేతిలోని బట్ట తీసుకుని రెండు నిమిషాల్లో గలీబు కుట్టి చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం ఎవరికి ఏమనిపించిందో చెప్పమన్నాం. ఆయన మాట యథాతథంగా రాసుకున్నాను. "దారం తెగినప్పుడు నాకేం కాలె మేడం. ఆ పిల్ల నా చేతులకెంచి బట్ట తీసుకున్నప్పుడు, ఇగ ఇది నాకు రాదు అనిపించింది. ఆ పిల్ల మంచికే చేసింది."

మా వర్క్‌షాపుల్లో ప్రతి ఏడాదీ జరిగేది ఇదే. ఒక అమ్మాయి తీగ ఇన్సులేషన్ తీయడానికి తడబడితే పక్క అబ్బాయి "ఇటు తే" అని కటింగ్ ప్లయర్ లాక్కుంటాడు. మంచికే. గ్రూపు పని ఇస్తే అబ్బాయిలు పనిముట్లు పడతారు, అమ్మాయి రికార్డు రాస్తుంది, ఎందుకంటే దస్తూరీ బాగుంటుంది. ఏడాది గడిచేసరికి ఆ పిల్లకు రికార్డు పుస్తకం నిండా పని ఉంటుంది, చేతికి మాత్రం పని రాదు. "ఆడపిల్లలు ప్రాక్టికల్స్‌లో వెనుకే" అని మనమే అంటాం.

అప్పటికప్పుడు అందరం కలిసి ఒక నియమం రాసుకున్నాం: నోటితో చెప్పాలి, చేయి పెట్టొద్దు. ఇన్‌స్ట్రక్టర్‌కు కూడా ఇదే నియమం.

అవతలి గదిలో హైస్కూల్ మేడమ్‌లు మెట్ల వైరింగ్ చేశారు. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్, ఎక్కడ నొక్కినా ఒకే బల్బు వెలగాలి, ఆరాలి. రెండు టూవే స్విచ్‌లు, వాటి మధ్య రెండు తీగలు. ఒక స్విచ్ ఏ తీగను పట్టుకుందో రెండోదీ అదే తీగను పట్టుకుంటే దారి పూర్తయి బల్బు వెలుగుతుంది, వేర్వేరు తీగలు పట్టుకుంటే ఆరుతుంది. ఒక లెక్కల మేడమ్ కాగితం మీద నాలుగు గళ్ల పట్టిక గీసుకుని, పట్టికను చూసి తీగలు కలిపారు. మొదటిసారికే వెలిగింది. పదిహేనేళ్లుగా ఇంట్లో రోజూ ఆ స్విచ్ నొక్కుతున్నానని, లోపల ఏముందో ఎన్నడూ విప్పి చూడలేదని అన్నారు. ఆమె తన క్లాసు ఆడపిల్లలకు ఈ బోర్డు చూపిస్తానని తనంతట తాను అడిగి తీసుకెళ్లారు. మాకు ప్రచారకర్తలు ఇలాగే దొరకాలి.

ఫిబ్రవరి 28, బుధవారం

మధ్యలో మేడారం జాతర (21 నుంచి 24 దాకా). వరంగల్‌లో ఆ వారం ఏ పనీ పెట్టుకోకూడదు, మేమూ పెట్టుకోలేదు.

ఇవాళ జాతీయ సైన్స్ దినోత్సవం. శిక్షణ పొందిన టీచర్లు నాలుగు బడుల్లో మెట్ల వైరింగ్ బోర్డు పెట్టారు. బ్యాటరీతోనే నడుస్తుంది, షాక్ భయం లేదు. నేను వెళ్లిన బడిలో బోర్డు చుట్టూ అబ్బాయిలే మూగారు. అమ్మాయిలు వెనుక నిలబడి మెడ చాపి చూశారు. టీచర్ మైకులో "అమ్మాయిలు కూడా రావాలమ్మా" అని రెండుసార్లు పిలిచారు. ఎవరూ రాలేదు. హసన్‌పర్తి వైపు బడిలో మాత్రం మా లెక్కల మేడమ్ అందరినీ కలిపి పిలవలేదు. ఇద్దరిద్దరికి ఐదు నిమిషాల చొప్పున చీటీలు ఇచ్చి, పేరు పెట్టి పిలిచారు. అక్కడ 8, 9, 10 తరగతుల ఆడపిల్లలు 40 మందికి పైగా స్వయంగా తీగలు కలిపారు. "అందరూ రండి" అంటే ముందున్నవాళ్లే వస్తారని ఆమెకు క్లాసులో రోజూ చూసిన అనుభవం ఉంది. ఈ చీటీల పద్ధతిని అన్ని బడులకూ పంపాం.

మార్చి 9, శనివారం

పోస్టర్ మీద రెండు గంటల వాదన.

మా పాత అడ్మిషన్ కరపత్రంలో ఎనిమిది ఫొటోలు ఉంటే, యంత్రాల దగ్గర ఉన్నవాళ్లంతా అబ్బాయిలు. అమ్మాయిలు ఉన్న ఒక్క ఫొటో కంప్యూటర్ గదిది. దాన్ని మార్చాలనడంలో ఎవరికీ రెండో మాట లేదు. ఒక సార్ రుద్రమదేవి బొమ్మ వేద్దామన్నారు. ఓరుగల్లు కదా, అందరికీ గర్వం. నేను ఒప్పుకోలేదు. రుద్రమను చూస్తే మాకు దండం పెట్టాలనిపిస్తుంది, "నేనూ చేరుతా" అనిపించదు. పదో తరగతి పిల్లకు కావలసింది పక్క ఊరి అక్క. అదే బస్సు ఎక్కి, అదే బడిలో చదివి, ఇవాళ చేతిలో మెగ్గర్ (తీగల ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పట్టుకున్న అక్క.

అలాంటి అక్కలు మా దగ్గర ముగ్గురున్నారు. ఇద్దరి ఇళ్లలో ఫ్లెక్సీ మీద ముఖం వేయడానికి ఒప్పుకోలేదు. పెళ్లి కావలసిన పిల్ల, బజారులో ఫొటో ఎందుకన్నారు. వాళ్ల మాటను కాదనే హక్కు మాకు లేదు. చేతులు మాత్రమే కనిపించేలా తీద్దామా అనుకుని తీసి చూశాం. గాజులు తీసిన చేతులు, ప్లయర్. అందంగానే ఉంది గానీ, ఎవరి చేతులో తెలియకపోతే పిల్లకు ఏం లాభం? చివరికి మూడో అమ్మాయి, వర్ధన్నపేట దగ్గరి ఊరు, వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని వచ్చి ఫొటో దిగింది. అమ్మ కూడా పక్కనే నిలబడింది. తల్లీబిడ్డల ఫొటోనే పోస్టర్ అయింది. మేం అనుకుని చేసింది కాదు, కానీ ఊళ్లలో ఎక్కువ పని చేసింది అదే.

కరపత్రం మాటలు కూడా మార్చాం. "అర్హత పదో తరగతి" అని మొదలయ్యేది. ఇప్పుడు మొదటి వాక్యం: "ఎండాకాలంలో మీ ఊళ్లో మోటారు కాలితే ఎవరిని పిలుస్తారు?" మన ఉత్తర తెలంగాణలో ప్రతి మండల కేంద్రంలో మోటారు వైండింగ్ షాపు ఉంటుంది. బోరు మోటారు కాలిందంటే పంట ఎండినట్టే. ఎలక్ట్రీషియన్ అంటే ఏం పనో చెప్పడానికి మాకు ఇంతకంటే దగ్గరి మాట దొరకలేదు.

ఏప్రిల్ 13, శనివారం

పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఉగాది కూడా వెళ్లింది. ఇవాళ ఒక ఊళ్లో మహిళా సంఘం మీటింగ్‌కు వెళ్లాం. పొదుపు లెక్కలు అయ్యాక మాకు అరగంట ఇచ్చారు. గంటన్నర కూర్చున్నాం.

శిక్షణలో మేం టీచర్లకు నేర్పింది ఒకటే: తల్లి అడిగే ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పాలి, నీతి చెప్పకూడదు. "ఆడా మగా సమానం" అంటే అందరూ అవునంటారు, పిల్లను మాత్రం పంపరు.

"గీ కరెంటు పనికి ఆడపిల్లను ఎవలు పిలుస్తరు మేడం?" ఇది మొదటి ప్రశ్న. మా కస్తూర్బా టీచర్ జవాబు చెప్పారు. సిద్దిపేట జిల్లా బబ్బూరి శిరీష, మన పక్క మహబూబాబాద్ జిల్లా భారతి లైన్‌మెన్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసినప్పుడు ఆ పోస్టులు మగవాళ్లకే అన్నారు. వాళ్లు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆదేశంతో 2020 డిసెంబరులో స్తంభం ఎక్కే పరీక్ష పెడితే ఇద్దరూ ఎక్కి చూపించారు. మహబూబాబాద్ పేరు వినగానే ఒకామె, "మా ఆడిబిడ్డ వాళ్లది గదే" అంది. అప్పటిదాకా వెనక్కి ఆనుకుని కూర్చున్నవాళ్లు ముందుకు జరిగారు.

"కోర్సు అయినంక ఏం వస్తది?" ఐటీఐ పూర్తయ్యాక అప్రెంటిస్‌గా చేరితే చట్టప్రకారం నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలని చెప్పాం. పెద్ద జీతమని చెప్పలేదు. పని నేర్చుకుంటూ వచ్చే డబ్బు అది.

"రోజూ ఎట్ల పోయి రావాలె?" ఈ ప్రశ్నకు జవాబు ఈసారి వాళ్లే చెప్పుకున్నారు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. రెండేళ్ల కోర్సుకు బస్సు ఖర్చు లెక్కేసి పిల్లను ఇంట్లో ఉంచిన తల్లులను నేను చూశాను. ఆ ఒక్క అడ్డు తొలగింది.

తండ్రి ఒకాయన దూరంగా గడప దగ్గర నిలబడి విన్నాడు. భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేస్తాడట, సెలవు మీద వచ్చాడు. "మా బాయిలకు ఆడోళ్లను దిగనియ్యరు" అన్నాడు. 1952 గనుల చట్టం ప్రకారం ఆడవాళ్లను భూగర్భంలో పనికి పెట్టుకోకూడదన్నది నిజమే. 2019 మొదట్లో కేంద్రం దాన్ని సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో పగటిపూట, పొద్దున 6 నుంచి సాయంత్రం 7 దాకా, వాళ్ల ఒప్పుదలతో గని లోపల పెట్టుకోవచ్చని చెప్పింది. ఆయన నమ్మకంగా తలూపలేదు. కానీ మేం బయల్దేరేటప్పుడు దగ్గరికి వచ్చి, "మా చిన్నది లెక్కలల్ల మంచిగ చేస్తది" అని మాత్రం అన్నాడు. ఆ పేరు మా లెక్కల మేడమ్ రాసుకున్నారు.

మే 20, సోమవారం

ఏప్రిల్ 30న పదో తరగతి ఫలితాలు వచ్చాయి. అదే సమయానికి మా టీచర్లంతా ఎన్నికల డ్యూటీలో. మే 13న పోలింగ్. రెండు వారాలు మా పని పూర్తిగా ఆగిపోయింది. పిల్లలు నిర్ణయం తీసుకునే వారాలు కూడా అవే. వచ్చే ఏడాది పేర్ల జాబితా పరీక్షలకు ముందే పూర్తి చేయాలి. ఈసారి ఆలస్యమైంది.

ఒక్కో టీచరు దగ్గర ఐదుగురు అమ్మాయిల పేర్లు ఉన్నాయి. లెక్కలు ఇష్టమున్నవాళ్లు, ఇంట్లో ఫ్యాను, మిక్సీ విప్పి చూసేవాళ్లు, బోర్డు దగ్గర చీటీ సమయం అయిపోయినా కదలనివాళ్లు. ఒక్కొక్కరిని కనీసం రెండుసార్లు అడగాలి. మొదటిసారి పిల్లను, రెండోసారి ఇంట్లోవాళ్ల ముందు పిల్లను. మొదటిసారే "సరే" అన్నవాళ్లు చాలా తక్కువ. రెండోసారి వెళ్లినప్పుడు, "సార్ మళ్ల వచ్చిండు" అన్న మాటే ఇంట్లో బరువుగా పడుతుంది. మా బాపు మీద అదే పని చేసింది.

జూన్ 20, గురువారం

కౌంటర్ మొదలైంది. హైదరాబాద్ మల్లేపల్లిలో మొన్న 18న ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తారట. కొత్త యంత్రాలు వస్తే "బరువు పని" అన్న సాకు తగ్గుతుంది. అయినా యంత్రం కొన్నంత మాత్రాన కౌంటర్లో మాట మారదు.

కౌంటర్లో మాట మార్చింది మా ఫిట్టర్ సార్. ఎవరూ చెప్పకుండానే కౌంటర్ పక్కన ఒక బల్ల వేయించారు. దాని మీద ఒక వెర్నియర్ కాలిపర్, విప్పిన తాళం, మెగ్గర్, కాలిపోయిన మోటారు కాయిల్, టంకం వేసిన సర్క్యూట్ బోర్డు. "ఏ ట్రేడ్ గావాలె?" అని అడగడం మానేశారు. "ముందు ఇవి పట్టుకోని చూడు బిడ్డా. దేని కాడ మనసు ఆగుతదో చెప్పు" అంటున్నారు. ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి వెర్నియర్‌తో తన జడ రిబ్బను మందం కొలిచింది. కొలత చదవడం ఎట్లా అని అడిగింది. ఆయన చెప్పారు, చేయి పెట్టకుండా. 0.02 మిల్లీమీటర్ల దాకా చదవగలిగింది. ఆమె వచ్చింది కోపా కోసం. ఫిట్టర్ రాసి వెళ్లింది.

నేను మళ్లీ నోట్‌బుక్‌తో కూర్చున్నాను. "మీ నాయన ఒప్పుకున్నడా" ఈసారి కూడా రెండుసార్లు వినిపించింది. శిక్షణకు రానివాళ్ల నోటి నుంచి. అంటే రెండో విడత తప్పదు.

ఆగస్టు 24, శనివారం

క్లాసులు మొదలై మూడు వారాలు. లెక్క రాస్తున్నాను. ఎలక్ట్రీషియన్ యూనిట్ 20 మందిలో నలుగురు అమ్మాయిలు (నిరుడు ఒక్కరూ లేరు). ఫిట్టర్‌లో ఇద్దరు. వెల్డర్‌లో ఒకరు. వెల్డర్ ఏడాది కోర్సే, ఎనిమిదో తరగతి చాలు, పదో తరగతి తప్పిన ఒక అమ్మాయి అందులో చేరింది. మేం అడిగిన 120 పేర్లలో ఏడుగురు. తక్కువే. ఒకే యూనిట్‌లో నలుగురు ఉండటం మాత్రం నాకు చాలా పెద్ద సంగతి. ఒక్కతే ఉంటే ఆమె చేసే ప్రతి తప్పూ ఆడపిల్లలందరి తప్పు అవుతుంది. నలుగురుంటే ఎవరి తప్పు వారిదే.

శిక్షణలో చెప్పుకున్నవన్నీ ఈ మూడు వారాల్లోనే పరీక్షకు వచ్చాయి. మొదట్లో అందరికీ ఫైలింగ్. ఇనుప ముక్కను ఆకురాయితో రాకి చదరం చేయాలి. నాలుగో రోజుకు అరచేతుల్లో బొబ్బలు వస్తాయి. ఈ సంగతి ముందే చెప్పాలని నేర్పాం: "బొబ్బలు అందరికీ వస్తయ్, పది దినాలల్ల చెయ్యి గట్టిపడతది." చెప్పకపోతే అబ్బాయి తన బొబ్బ చూసి పని కష్టమనుకుంటాడు. అమ్మాయి తన బొబ్బ చూసి ఈ పని నాది కాదనుకుంటుంది. ఈసారి ఫిట్టర్ సార్ క్లాసులో అందరి చేతులూ బల్ల మీద పెట్టించి చూపించారట. ఎవరివి ఎవరివో తెలియనట్టు ఉన్నాయని ఆత్మకూరు అమ్మాయి నాతో చెప్పింది.

చున్నీ, గాజులు, జడ గురించి కూడా. డ్రిల్లింగ్ మిషన్ దగ్గర వేలాడే బట్ట ప్రాణం తీస్తుంది. లోహపు గాజు కరెంటు పనిలో ప్రమాదం. ఇన్నాళ్లూ ఇది "ఆడపిల్లల రూలు"గా చెప్పేవాళ్లం. ఇప్పుడు మొదటి రోజే అందరికీ ఒకే మాట: ఉంగరం, కడియం, చేతి తాడు, చున్నీ, వదులు చొక్కా, పొడవు జుట్టు. మొదట కడియాలు తీసింది అబ్బాయిలే.

డ్రాయింగ్ కోసం షెరిల్ సోర్బీ అనే అమెరికా ఇంజనీరింగ్ ప్రొఫెసర్ పని మాకు దారి చూపింది. వస్తువును మనసులో తిప్పి చూసే శక్తి పుట్టుకతో వచ్చి ఆగిపోయేది కాదని, నేర్పితే పెరుగుతుందని ఆమె 1993 నుంచి మిషిగన్ టెక్‌లో పాఠాలు పెట్టి చూపించారు. మేం బట్టల సబ్బును మెట్ల ఆకారంలో కోసి, పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి చూసి మూడు బొమ్మలు గీయిస్తున్నాం. వారానికి మూడు రోజులు, అరగంట. అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపే. ఇన్నాళ్లూ డ్రాయింగ్‌లో తప్పిన పిల్లలకు ఎవరైనా సబ్బు ముక్క కోసి చూపించి ఉంటే బాగుండేదని నాకు రోజూ అనిపిస్తోంది.

బాధ కలిగించిన విషయాలూ ఉన్నాయి. సేఫ్టీ బూట్లు 6వ నంబరు నుంచే వచ్చాయి. మా పిల్లలవి 3, 4 నంబర్ల పాదాలు. వెల్డింగ్ గ్లౌజుల్లో చేయి జారిపోతోంది, రాడ్ పట్టు దొరకదు. చేయి వణికిందని పిల్లను అంటే ఎలా? గ్లౌజు సైజు తప్పు కదా. వర్క్‌షాప్ వైపు ఆడవాళ్లకు బాత్రూం లేదు. ఆఫీసు బ్లాక్‌కు నడిచి వెళ్లి రావడానికి పదిహేను నిమిషాలు. పిల్లలు పొద్దంతా నీళ్లు తాగకుండా ఉంటున్నారని వాళ్ల సీసాలు చూశాక గానీ నాకు తెలియలేదు. ఇన్నేళ్లుగా నేనూ అలాగే ఉన్నాను, ఎవరితోనూ అనలేదు. ఈసారి అర్జీ రాశాను, 24 మందీ సంతకాలు పెట్టారు.

సెప్టెంబరు 9, సోమవారం

ఆగస్టు 31 రాత్రి నుంచి కురిసిన వానకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఎలక్ట్రీషియన్ అమ్మాయిల్లో ఒకరు ఆ వైపు నుంచే రైల్లో వస్తుంది. ఇల్లు తడిసింది, పుస్తకాలు పోయాయి. పాత రోజుల్లో అయితే వారం రాకపోతే "మానేసింది" అని రాసేవాళ్లం. ఈసారి వెల్డింగ్ సార్ రెండో రోజే ఫోన్ చేశారు, నాలుగో రోజు మళ్లీ. పట్టాలు బాగయ్యాక ఇవాళ వచ్చింది. తోటి పిల్లలు రికార్డు రాసిచ్చారు. తప్పిన ప్రాక్టికల్స్ మాత్రం ఆమే చేయాలి, శనివారాలు నేను ఉంటాను.

వెల్డర్ ట్రేడ్ అమ్మాయి మానేసింది. సంబంధం కుదిరింది. రెండుసార్లు వెళ్లాం. మూడోసారి వెళ్తే ఆమెకు ఇంట్లో ఇబ్బంది అవుతుందని ఆమే చెప్పింది. ఆగాం.

అక్టోబరు 1, మంగళవారం

రేపు ఎంగిలిపూల బతుకమ్మ. సెలవుల ముందు చివరి రోజు. 5, 6 సైజుల తోలు గ్లౌజులు వచ్చాయి. బూట్లు ఇంకా రాలేదు. బాత్రూం కోసం స్థలం చూసి వెళ్లారు.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ అమ్మాయిలు నలుగురూ స్టోర్ దగ్గరికి వచ్చారు. ఒక ఊళ్లో బతుకమ్మ ఆడే చోట లైట్లు ఏటా ఎవరో వచ్చి కడతారట. ఈసారి తామే కడతామని సర్పంచ్‌గా పనిచేసిన పెద్దమ్మను అడిగి ఒప్పించారట. సామాను కావాలన్నారు. ఫిట్టర్ సార్ నావైపు చూశారు. నేను షరతులు చెప్పాను: కరెంటు తీగలకు కొండీలు వేయొద్దు, లైన్‌మన్‌ను పిలిచి అతనితోనే సప్లై ఇప్పించుకోవాలి, 30 మిల్లీయాంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) లేకుండా ఒక్క బల్బూ వెలగొద్దు, తడి నేల మీద జాయింట్ ఉండొద్దు, ఒక్కరే నిచ్చెన ఎక్కొద్దు. కేసముద్రం వైపు అమ్మాయి ఇవన్నీ చేతి మీద పెన్నుతో రాసుకుంది.

ఇష్యూ రిజిస్టర్‌లో రాశాను: టెస్ట్ ల్యాంప్ 1, ఆర్సీసీబీ 1, ఇన్సులేషన్ టేప్ 4, కటింగ్ ప్లయర్ 2, నియాన్ టెస్టర్ 4, చిన్న సైజు గ్లౌజులు 4 జతలు. తీసుకున్నవారి సంతకాలు నాలుగు. తిరిగి ఇవ్వవలసిన తేదీ: సెలవుల తర్వాత మొదటి రోజు.